గొంతు మీరే ఉంచుకోండి

ఈ వేసవిలో మా ఇంట్లో ప్రతి వస్తువుకీ బొట్టు ఉండేది. ఫ్రిజ్‌కి విభూతి, తలుపుకి కుంకుమ, కిటికీకి పసుపు. కుర్చీకి విభూతి, గోడ గడియారానికి కుంకుమ, మంచానికి పసుపు. పొద్దున్నే పాల ప్యాకెట్లు వేసే మనిషి గుమ్మంలోంచి తొంగిచూసి, "ఏటి బాబూ, ఆయుధపూజ మే నెల్లో సేత్తన్నారేటి?" అన్నాడు.

పూజ కాదు, జర్మన్. ఆ భాషలో ప్రతి వస్తువూ మూడు జాతుల్లో ఏదో ఒకటిట. బల్ల మగ, తలుపు ఆడ, కిటికీ రెండూ కాదు. ఎందుకలా అంటే కారణం లేదు, బట్టీ పట్టాల్సిందే. దసరాకి స్టీలు ప్లాంటులో మిషన్లకి బొట్లు పెడతారు కదా, అది గుర్తొచ్చి మా అమ్మాయి ఇంద్రజ ఈ పద్ధతి కనిపెట్టింది. మగదైతే విభూతి, ఆడదైతే కుంకుమ, మిగిలినవాటికి పసుపు. మా ఆవిడ తాయారు పోయాక మూత తియ్యని కుంకుమ భరిణె మళ్ళీ వంటింటి గట్టు మీదకి వచ్చింది. అందుకు జర్మన్ భాషకి లోపల్లోపల దణ్ణం పెట్టుకున్నాను.

ఇంద్రజ నర్సు. జర్మన్ పరీక్ష పెద్దదే ప్యాసయింది. ఆ దేశం వెళ్ళడం ఆమెకి ఇష్టం లేదు, కాని వెళ్ళాలనుకునే నర్సులకి నేర్పడం ఇష్టం. నిమిషం కూడా లేని చిన్న చిన్న వీడియోలు చేసి ఫోన్లో పెట్టేది. ఆమెతోపాటు ఆసుపత్రిలో చేసే షగుఫ్తా ఆ వీడియోల్లో విద్యార్థిని. ఫోను నిలబెట్టే స్టాండు మాటిమాటికీ పడిపోతోందని నన్ను పట్టుకోమన్నారు. పోర్టు ట్రాఫిక్ ఆఫీసులో రిటైరైన బీకాం గుమాస్తాని, అలా కెమెరామన్ని అయ్యాను.

"నాన్నా, సెయ్యి వణుకుతంది. సూసినోళ్ళు భూకంపమనుకుంటారు."

"వణకట్లేదమ్మా. అదేదో మోగింది ఫోన్లో."

"అంకుల్‌ని ఏటనకే," అంది షగుఫ్తా. "నిన్న నువ్వు పట్టుకున్నప్పుడు నా తలకాయే పడనేదు."

ఇంద్రజ చెంచా ఎత్తి చూపించింది. "ఇది డెర్ లొఫెల్. విభూతి. ఇది ఫోర్కు, డీ గాబెల్. కుంకుమ. సాకు, దాస్ మెస్సర్. పసుపు. అయిపోయింది, ఏటుందిందులో?"

"ఒలే, ఒక పళ్ళెం కాడ కూకుని తినేవి మూడు. అందులో ఒకటి మగా, ఒకటి ఆడా, ఒకటి ఏటీ కాదా? ఆ దేశపోళ్ళకి పనీపాటా నేదేటే?"

"పనున్నాది. సేసేవోళ్ళే నేరు. అందుకే నిన్ను పిలుత్తన్నారు."

షగుఫ్తా నవ్వు మొదలెడితే ఆగదు. నేనూ నవ్వాను, ఫోను మళ్ళీ కదిలింది. అయినా ఆ వీడియోనే పెట్టేశారు. దాన్నే అన్నిటికంటే ఎక్కువమంది చూశారు.

నాది అమలాపురం వైపు. ఉద్యోగం వచ్చి ఈ ఊరు వచ్చాను. తాయారుది పద్మనాభం. ఇంద్రజ గాజువాకలో పుట్టి, తల్లి మాటే నేర్చుకుంది. నేను 'ఏమిటి' అంటే వాళ్ళిద్దరూ 'ఏటి' అనేవారు. ఇంట్లో ఆ రెండూ పక్కపక్కనే, రెండు జతల చెప్పుల్లాగా, ఏ గొడవా లేకుండా ఉండేవి. ఈ వేసవిలో వంటింట్లోంచి 'నాను సెప్తాను సూడు' అని వినబడినప్పుడల్లా నేను ఓ క్షణం చదువుతున్న పేపరు దించేవాణ్ణి. అంతకంటే చెప్పడానికి ఏం లేదు.

వీడియోల కింద జనం రాసేవి నేను కూర్చుని చదివేవాణ్ణి. సాలూరు నుంచి ఒక అమ్మాయి, 'మేడమ్, మా అక్క పక్కన కూకోబెట్టుకుని సెప్పినట్టున్నాది' అని రాసింది. పలాస నుంచి, నర్సీపట్నం నుంచి అలాంటివే. వాటి మధ్యలో ఇంకోరకం. 'ముందు తెలుగు నేర్చుకో తల్లీ, తర్వాత జర్మన్ చెబుదువుగాని.' 'చేపల మార్కెట్లో జర్మన్ క్లాసా?' ఒకడైతే నవ్వే బొమ్మలు వరసగా పెట్టి, 'ఈవిడ దగ్గర నేర్చుకుంటే జర్మనీలో కూడా పాచిపనే' అన్నాడు.

చదువుతుంటే చెవులు వేడెక్కేవి. ఎవడు వీడు? ఎక్కడ కూర్చుని రాస్తున్నాడు? వీడికి ఒంట్లో బాగాలేకపోతే ఏ నర్సు చెయ్యి పట్టుకుంటుందో, ఆవిడ ఏ భాష మాట్లాడుతుందో చూడాలని ఉండేది. ఒక్కొక్కడికీ వివరంగా జవాబు రాయడం మొదలెట్టాను. ఇంద్రజ చూసి ఫోను లాక్కుంది.

"నాన్నా, ఏటిది? 'అయ్యా, నమస్కారం' అని మొదలెడతన్నావు. తిట్టినోడికి నమస్కారమేటి?"

"మర్యాదగా చెప్తే అర్థం చేసుకుంటారేమోనని."

"నీ నమస్కారం సూసి ఇంకో నలుగురు వచ్చి తిడతన్నారు. వొగ్గేయ్."

తనకి కోపం రాలేదు. అది నాకు ఇంకా కోపం తెప్పించింది.

మే నెల ఎండలు ముదిరాక నాగవంశీ వచ్చాడు. గాజువాకలో విదేశీ భాషలు నేర్పే సంస్థ ఒకటి నడుపుతున్నాడు. వయసు నలభై ఉంటుంది, తెల్ల చొక్కా నలగలేదు. చేతిలో తాపేశ్వరం కాజాల పెట్టె.

"ఏ ఊరండి మనది?" అన్నాడు కూర్చుంటూనే.

"అమలాపురం దగ్గర."

"ఆయ్! మాది రావులపాలెం అండి. అయితే మీరు నాకు బాబాయిగారే." లేచి నా కాళ్ళకి దణ్ణం పెట్టబోతే వద్దన్నాను. మా వైపు నుంచి పోర్టుకీ ప్లాంటుకీ వచ్చినవాళ్ళకి ఇది అలవాటే. జిల్లా కలిస్తే చాలు, వరసలు కలిపేసుకుంటాం. వరస కలిస్తే అభిప్రాయాలు కూడా కలుస్తాయనుకుంటాం.

ఇంద్రజకి తన సంస్థలో టీచరు ఉద్యోగం ఇస్తానన్నాడు. పొద్దున వచ్చి సాయంత్రం వెళ్ళిపోవచ్చు. వీడియోలు కూడా తమ స్టూడియోలోనే, తమ పేరు మీద. షగుఫ్తాకి ఫీజు లేకుండా క్లాసులు. అన్నీ చక్కగా చెప్పి, ఇంద్రజ టీ తేవడానికి లోపలికి వెళ్ళగానే నా వైపు వంగాడు.

"అమ్మాయి బంగారం అండి బాబాయిగారూ. ఆ యాస ఒక్కటే కొంచెం... ఇక్కడ పుట్టి పెరిగింది కదండి, అంటుకుంటుంది. మావాడికీ అంటుకుంది. ఏం చేస్తాం, బడి మార్పించేశాం. మీకు చెప్పక్కర్లేదు, మీరు మనవాళ్ళు."

అంటుకుంటుంది. గజ్జి అంటుకున్నట్టు.

ఆయన వెనకాల గోడ మీద తాయారు ఫొటో ఉంది. ఆయన చూడలేదు. నేను నోరు తెరిచాను. అప్పుడే ఇంద్రజ టీలు పట్టుకొచ్చింది. ఆ పిల్ల ముఖం చూశాను. నైట్ డ్యూటీలు చేసి చేసి పాదాలు పొంగి, చెప్పులు పట్టక నావి వేసుకుని తిరుగుతున్న పిల్ల. ఆ ముఖంలో చాలా కాలానికి కాస్త తేలిక కనిపించింది. నోరు మూసుకుని కాజా తిన్నాను. తియ్యగానే ఉంది. ఆ తీపి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఇంద్రజ ఆసుపత్రి మానేసి అక్కడ చేరింది. రాత్రిళ్ళు ఇంట్లో పడుకునేది. పొద్దున్నే లేచి ఆమె గది ముందు నుంచి వెళ్తుంటే లోపల ఫ్యాను చప్పుడు వినబడేది. పిల్ల నిద్రపోతోంది అనుకుని కాఫీ గిన్నె కూడా మెల్లగా పెట్టేవాణ్ణి. నాగవంశీ మీద కోపం ఆ చప్పుడు విన్నప్పుడల్లా సగానికి తగ్గేది. ఆయన్ని తిట్టుకుంటూనే, పోనీలే, పిల్లకి నిద్ర దొరికింది అనుకునేవాణ్ణి.

జూన్‌లో ఒక సాయంత్రం పాత ఊళ్ళో గులాం మొహమ్మద్ గారి టైలరు షాపుకి వెళ్ళాను. షగుఫ్తా తండ్రి ఆయన. నా చొక్కాలు వదులైపోయాయని సరిచేస్తానన్నారు. నన్ను చూడగానే మిషను ఆపి, ఫోను తీసి, నూలు ఉండకి ఆనించి నిలబెట్టారు.

"రండి రావ్ సాబ్. మన పిల్లల కొత్త వీడియో వచ్చిందంట. నాను ఇంకా సూడనేదు, మీరొస్తారని ఆగినాను."

ఇద్దరం వంగి చూశాం. తెర మీద ఇంద్రజ, షగుఫ్తా. వెనకాల నీలం గోడ. పేషెంటుని నొప్పెక్కడని అడగడం ఎలాగో పాఠం. మా వంటింట్లో ఆ పాఠం చేసినప్పుడు ఇంద్రజ ఇలా చెప్పింది: "వో టుట్ ఎస్ వే? అంటే ఏటి? ఎక్కడమ్మా నొప్పెడతంది? అంతే. బయపడకు, అడుగు."

ఫోన్లోంచి వేరే ఆడమనిషి గొంతు వచ్చింది. రైల్వే స్టేషన్లో బండి ఆలస్యమని చెప్పే గొంతులాంటిది. "వో టుట్ ఎస్ వే. అనగా, మీకు ఎక్కడ నొప్పిగా ఉంది? దయచేసి తెలియజేయండి."

ఇంద్రజ పెదాలు వేరే ఏదో అంటున్నాయి. తర్వాత షగుఫ్తా ఏదో అడిగింది. మళ్ళీ అదే గొంతు. అడిగేదీ ఆవిడే, చెప్పేదీ ఆవిడే. చివర్లో షగుఫ్తా తల వెనక్కి వేసి నవ్వింది. నోరు తెరుచుకుంది, భుజాలు ఎగిరాయి, శబ్దం లేదు. దాని మీద ఏదో వీణ వాయించారు.

"ఇదెవరి గొంతు సాబ్?" అన్నారు గులాం మొహమ్మద్.

ఇంకోసారి పెట్టమన్నాను.

ఆయన మళ్ళీ మొదటినుంచి పెట్టారు. పూర్తిగా చూశారు. "మా పిల్ల నవ్వితే వీధి సివర కిళ్ళీకొట్టు కాడికి ఇనబడతాది. 'నవ్వకే, ఆడపిల్లవి' అని దాని అమ్మీ కూడా ఏనాడూ అననేదు." ఫోను బోర్లా పెట్టేశారు. నా ముఖం చూసి స్టూలు ముందుకి లాగారు. "కూకోండి. కోపం తెచ్చుకోకండి, బీపీ మనిషి మీరు." పక్క హోటల్‌కి కేకేసి టీ చెప్పారు. ఆ టీ నేను తాగే వరకు చొక్కా మాట ఎత్తలేదు, పిల్లల మాట ఎత్తలేదు. బటన్లు ఏరుకుంటూ కూర్చున్నారు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇంద్రజ వారపు సెలవు రోజు చూసుకుని షేర్ ఆటో ఎక్కి నాగవంశీ సంస్థకి వెళ్ళాను. ఆటోలో నా పక్కన కూర్చున్న ముసలావిడ కూరగాయల సంచి నా కాళ్ళ మీద పడకుండా దారంతా పట్టుకుంది. ఆవిడకి నవ్వుతూ థాంక్స్ చెప్పి దిగాను. మెట్లు ఎక్కేసరికి ఆ నవ్వు లేదు.

"రండి బాబాయిగారూ! మజ్జిగ తెప్పించనా?"

"మా అమ్మాయి గొంతు ఏదండి?"

ఆయనకి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వాడు. "అదా అండి. మార్కెట్ అండి. విజయవాడ వాళ్ళు చూడాలి, హైదరాబాద్ వాళ్ళు చూడాలి. నర్సింగ్ కాలేజీల వాళ్ళకి చూపించాలి. ఆ భాషలో చెప్తే నవ్వుతారండి. కంప్యూటర్‌లో గొంతు మార్చేశాం. ఎవరికీ నష్టం లేదు. అమ్మాయి మొహం ఉంది కదండి."

"నవ్వినవాళ్ళు నేర్చుకున్నారు కూడా. మా వంటింట్లో చేసిన వీడియోలు మీరు చూసే వచ్చారు కదా మా ఇంటికి."

"చూశానండి. తెలివైన పిల్ల. కాని మీకు తెలియనిదేముంది, మనం ఈ ఊరు వచ్చి ఎన్నాళ్ళైనా మన పిల్లలు మన తెలుగు మాట్లాడాలనే చూస్తాం కదండి."

"అది మా తెలుగే. మా ఆవిడది పద్మనాభం."

నాగవంశీ చేతిలో పెన్ను ఆగింది. "అయ్యో. నాకు తెలియదండి. పోనీలెండి, పెద్దావిడ సంగతి వేరు..."

"ఆవిడ సంగతి వేరు కాదు! ఏం వేరు? ఆవిడ అన్నం పెట్టిన భాష. ఆవిడ ఆసుపత్రి మంచం మీద మాట్లాడిన భాష. మీ ఊరు నుంచి మూటా ముల్లె సర్దుకుని బతకడానికి ఇక్కడికి వచ్చారు, నేనూ వచ్చాను. ఈ నేల అన్నం తిని, ఈ నీళ్ళు తాగి, ఈ జనం దగ్గర ఫీజులు కట్టించుకుని, వాళ్ళ నోరు మాత్రం బాగుచేస్తారా? ఎవడిచ్చాడు మీకు ఆ హక్కు?"

అది నా గొంతేనని నాకే నమ్మకం కుదరలేదు. అద్దాల గది అవతల క్లాసు ఆగిపోయింది. అమ్మాయిలందరూ ఇటు చూస్తున్నారు. నాగవంశీ లేచి తలుపు వేశాడు. "బాబాయిగారూ, పిల్లలు చూస్తున్నారు," అన్నాడు చాలా మర్యాదగా. ఆ మర్యాదని ఉండ చుట్టి కిటికీలోంచి విసిరేయాలనిపించింది.

బయటికి వచ్చాక మెట్ల దగ్గర రెయిలింగు పట్టుకుని ఆగాను. క్లాసులోంచి ఒకమ్మాయి ప్లాస్టిక్ కుర్చీ మోసుకొచ్చింది. "కూకోండి అంకుల్. ఇంత ఎండలో ఎలాగెల్తారు?" తన సీసాలోంచి నీళ్ళిచ్చింది. పేరడిగితే యశస్విని అంది. నేను లేచే వరకు గోడకి ఆనుకుని నిలబడి, కుర్చీ తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

సాయంత్రానికి ఇంద్రజకి తెలిసింది. బజారు నుంచి వచ్చి కూరల సంచి బల్ల మీద పెట్టి నా ఎదురుగా నిలబడింది.

"నానేటి, సిన్నపిల్లనా?"

"నీ గొంతు తీసేశారమ్మా. నీకు చూపించకుండా..."

"సూపించకుండా ఏటి? నాకు ముందే సెప్పినారు. మొదటి వారమే సెప్పినారు. నాను సరే అన్నాను."

చేతిలో పేపరు మడిచి పక్కన పెట్టాను.

"ఎందుకొప్పుకున్నావని అడుగు. అడగవేటి? నైట్ డ్యూటీలు నువ్వు సేత్తావా? రాత్రంతా నిల్చుని, పొద్దున్న బస్సులో నిల్చుని, ఇంటికొచ్చి కూర వండి... గొంతు పోతే పోనీ. కాళ్ళున్నాయి కదా. నాకు కాళ్ళే ముఖ్యం."

"నాతో చెప్పాల్సింది."

"సెప్తే ఇలగే ఎల్లి అరిసేవోడివి. నీ కోపం నా కోసం కాదు నాన్నా. అమ్మ కోసం. ఫోన్లో అమ్మ మాట ఇనబడతంది కదా అని నీకు బాగుంది. నాను అమ్మని కాను."

లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. తలుపు మీద కుంకుమ బొట్టు. నేను దాని ముందు నిలబడి, ఎవరి మీద అరవాలో తెలియక వంటింట్లోకి వెళ్ళి అన్నం పెట్టాను. ఇద్దరం తిన్నాం. ఆ పిల్ల నా కంచంలో ఊరగాయ వేసింది. కోపంలో కూడా వేసింది.

తర్వాత వచ్చిన రోజులు ఇంకా పాడు రోజులు. నేను అరిచిన మర్నాడు నాగవంశీ ఆమెని పిలిచి, వీడియోల్లోనే కాదు, క్లాసులో కూడా మంచి తెలుగు మాట్లాడమన్నాడట. మంచి తెలుగు! ఆ మాట ఆమె నాకు చెప్పలేదు, షగుఫ్తా చెప్పింది. ఇంద్రజ మాత్రం గదిలో ఆ మిషను గొంతు వీడియో పెట్టుకుని, వాక్యం వాక్యం ఆపి, వెనకాల అనేది.

"నేను... చెబుతున్నాను. మీకు... అర్థమవుతోందా."

మధ్యమధ్యలో ఆగేది, జర్మన్ మొదటిసారి నేర్చుకున్నప్పుడు ఆగినట్టే. వరండాలో పేపరు పట్టుకుని ఒక్క అక్షరం చదవకుండా కూర్చునేవాణ్ణి. తను మాట్లాడుతున్నది నా తెలుగు. నేను పుట్టి పెరిగిన తెలుగు. అది నా ఇంటి గోడకి అవతల నుంచి వినబడుతుంటే, ఎవరో దొంగ ఇంట్లో తిరుగుతున్నట్టు ఉండేది. లేచి వెళ్ళి 'వద్దమ్మా' అనాలి. అంటే మళ్ళీ నా కోసమే అంటుంది. బహుశా నిజమేనేమో. పళ్ళు బిగపట్టుకుని కూర్చున్నాను.

మొదటి వాన పడిన రోజు ఇంద్రజ మధ్యాహ్నానికే ఇంటికి వచ్చేసింది. తడిసిపోయి ఉంది. తువ్వాలు ఇచ్చాను. తల తుడుచుకుంటూ, "అన్నముందా?" అంది.

"ఉంది. ఏం, క్లాసు లేదా?"

"మానేసినాను."

వడ్డించాను. పప్పు కలుపుకుని నాలుగు ముద్దలు తిన్నాక చెప్పింది.

"యశస్విని అని ఒక గుంట ఉన్నాది. ఆ పాలకొండ దగ్గర ఊరు. క్లాసులో అందరికంటే ఎక్కువ డవుట్లు అదే అడుగుతాది. ఈరోజు లేసి, 'మేడమ్, నాకు అర్దం కానేదు' అంది. నాను దాన్ని సూసి ఏటన్నానో తెలుసా? 'కానేదు కాదమ్మా, కాలేదు అనాలి' అన్నాను."

ముద్ద కలుపుతూ ఆగింది.

"దాని డవుట్ ఏటో నాను సెప్పనేదు నాన్నా. దాని మాట దిద్దినాను. అది 'సారీ మేడమ్' అని కూకుండిపోయింది. మరి సెయ్యి ఎత్తనేదు. క్లాసు అయిపోయే దాకా సూత్తన్నాను, ఎత్తుతాదేమో అని. ఎత్తనేదు."

నేను మజ్జిగ పోశాను. కుర్చీ ఇచ్చిన పిల్ల కళ్ళ ముందు కదిలింది. నాకు ఏడుపు రాలేదు. ఆ నాగవంశీ మెట్ల మీద నుంచి దొర్లిపోతే బాగుండుననిపించింది. ఆ సంగతి పైకి అనలేదు.

"అది రేపు ఆ దేశం ఎల్లి, ఆ పెద్ద పెద్ద డాక్టర్ల ముందు నోరెలా తెరుత్తాది?" అంది ఇంద్రజ.

సాయంత్రం నాగవంశీ ఫోను చేశాడు. ఇంద్రజ స్పీకరులో పెట్టింది, నేను వినాలనే.

"చూడమ్మా, మానేస్తే మానెయ్యి. ఆ వీడియోలు మావి. ఆ బొట్ల పద్ధతి మాది, అక్కడ నువ్వు చెప్పిన పాఠాలు మావి. చేరినప్పుడే ఒప్పుకున్నావు కదా, ఏడాది వరకు ఇంకో వీడియోలో నీ మొహం కనబడకూడదు."

"మరి నా గొంతో?"

అవతల చిన్న నవ్వు. "ఆ గొంతు మాకెప్పుడూ అక్కర్లేదమ్మా. గొంతు మీరే ఉంచుకోండి."

"ఉంచుకుంటానండి," అని ఫోను పెట్టేసింది.

ఆ వెంటనే లేచి తడిగుడ్డ తెచ్చి ఇల్లంతా తిరుగుతూ బొట్లు తుడిచేసింది. ఫ్రిజ్, కుర్చీ, గడియారం, తలుపు. నేను చేస్తానంటే వద్దంది. ప్రతి బొట్టు తుడుస్తూ దాని జర్మన్ పేరు గట్టిగా అంది, ఎవరినో తిడుతున్నట్టుగా.

ఇంద్రజ మళ్ళీ ఆసుపత్రిలో చేరింది. మళ్ళీ నైట్ డ్యూటీలు. పొద్దున్న ఆ గది ముందు నుంచి వెళ్తే ఫ్యాను చప్పుడు లేదు. వచ్చాక కాళ్ళు బకెట్‌లో వేడినీళ్ళలో పెట్టుకుని కూర్చుంటుంది. నేను నీళ్ళు కాచి పోస్తాను. మేం గెలిచామని ఎవరూ అనుకోవద్దు. గాజువాక బస్టాండు దగ్గర పెద్ద బోర్డు పెట్టారు. 'మూడు బొట్లతో జర్మన్!' దాని మీద ఇంకెవరో అమ్మాయి, చక్కటి చీర, చేతిలో కుంకుమ భరిణె. దాన్ని చూడకుండా వెళ్ళడానికి నేను రోడ్డు దాటి అటువైపు నుంచి నడుస్తున్నాను. నా వయసులో ఆ ట్రాఫిక్‌లో రోడ్డు దాటడం ప్రమాదమే, అయినా దాటుతున్నాను.

కాళ్ళు బకెట్‌లో ఉండగానే ఇంద్రజ ఒక్కోరోజు ఫోను దగ్గరికి తీసుకుని మాట్లాడుతుంది. ముఖం ఉండదు. తెర అంతా నలుపు, మధ్యలో తెల్ల అక్షరాలతో ఒక్క మాట. వెనకాల ఆమె గొంతు. కొన్నిట్లో షగుఫ్తా నవ్వు కూడా. ఎంతమంది చూస్తున్నారని నేను అడగను. కింద ఎవరేం రాస్తున్నారో చదవను. చదివితే మళ్ళీ నమస్కారంతో మొదలెడతాను.

మొన్న గులాం మొహమ్మద్ గారి షాపుకి వెళ్దామని సిటీ బస్సు ఎక్కాను. వాన, కిటికీలన్నీ మూసేశారు, లోపల తడిగొడుగుల వాసన. నా ముందు సీట్లో తెల్ల యూనిఫారంలో ఒకమ్మాయి. చెవుల్లో పెట్టుకునేది లేనట్టుంది, ఫోను పైకే పెట్టుకుంది. నల్లటి తెర. బస్సు రొదలోంచి మా అమ్మాయి మాట వినబడింది.

"ఆట్‌మెన్ జీ లాంగ్‌జామ్. పేషెంటు కంగారు పడిపోతంటే ఇలగనాలి. ఊపిరి మెల్లగా తియ్యమ్మా. మెల్లగా. నానున్నాను కదా."

ఆ అమ్మాయి పెదాలు కదుపుతూ తనూ అంటోంది. ఒకసారి, మళ్ళీ ఒకసారి.

నా పక్కనున్నాయన విసుక్కున్నాడు. నుదురు పట్టుకుని ఉన్నాడు. పాపం, నిజంగానే తలనొప్పి ఉండొచ్చు. ఇంకెప్పుడైనా అయితే ఆయన మాటకి నేనే తలూపేవాణ్ణి.

"ఏయ్ అమ్మా, ఆ సౌండు తగ్గించు. ఏటా గోల బస్సులో?"

ఆ అమ్మాయి గాభరాగా ఫోను పక్కన మీట మీద వేలు పెట్టింది.

"తగ్గించకమ్మా," అన్నాను.

పక్కాయన నా వైపు తిరిగాడు. "ఏటి బావా? మీ పిల్లేటి?"

"కాదు."

"మీకు జర్మన్ వచ్చేటి?"

"రాదు."

"మరి మీకేటి బాద?"

బస్సులో సగం మంది చూస్తున్నారు. కండక్టరు టికెట్ మిషను పట్టుకుని మా వైపు రాబోయి ఆగాడు. ఆ అమ్మాయి వెనక్కి తిరిగి, ఏం చెయ్యాలో తెలియక, నా ముఖంలోకి చూస్తోంది. వేలు ఇంకా మీట మీదే ఉంది.

"పెంచు," అన్నాను. బస్సంతా వినబడేలా అన్నాను. "ఇంకా పెంచమ్మా."